బ్యాంకు షేరు కొనే ముందు ఏం చూడాలి? విశాఖ మదుపరులకు ఒక సమగ్ర మార్గదర్శి

రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన పెద్దవాళ్లయినా, ఐటీ జీతంలోంచి నెలనెలా కొంత పక్కన పెట్టే కుర్రాళ్లయినా షేర్ల వైపు చూసినప్పుడు ముందుగా గుర్తొచ్చేవి బ్యాంకులే. జీతం పడేది అక్కడే, ఇంటి లోను అక్కడే, మేనేజరు ముఖం కూడా తెలుసు. విశాఖలో స్టీల్ ప్లాంటు, పోర్టు, డాక్‌యార్డు ఉద్యోగుల ఇళ్లలో "ప్రభుత్వ బ్యాంకు షేరైతే భయం లేదు" అనే మాట తరచూ వినిపిస్తుంది. ఆ ధైర్యంతో పీఈ (ఒక్కో షేరు లాభానికి ధర ఎన్ని రెట్లో) ఎంతో, డివిడెండ్ ఎంతో చూసి కొనేస్తారు. మిగతా కంపెనీలకు పనికొచ్చే ఆ లెక్క అప్పులిచ్చే సంస్థకు చాలదు. ఎందుకు చాలదో ముందు తెలిస్తే తర్వాతి అడుగులు సులువవుతాయి.

ఒక బ్యాంకు 100 రూపాయలు అప్పుగా ఇచ్చిందనుకోండి. అందులో వాటాదారుల సొమ్ము సుమారు 10 రూపాయలే. మిగతా 90 డిపాజిటర్లది, లేదా బయటి నుంచి తెచ్చిన అప్పు. ఇచ్చిన 100లో 5 రూపాయలు పూర్తిగా మునిగిపోతే చిన్న నష్టంలాగే కనిపిస్తుంది. కానీ డిపాజిటర్లకు 90కి 90 తిరిగి ఇవ్వాల్సిందే. కాబట్టి ఆ 5 రూపాయలూ వాటాదారుల 10లోంచే పోతాయి. సగం మూలధనం హరీమంటుంది.

ఇంకో చిక్కు ఉంది. సిమెంటు కంపెనీ సరుకు అమ్మితే డబ్బు వచ్చిందో లేదో కొద్ది నెలల్లో తేలిపోతుంది. బ్యాంకు ఇచ్చిన ఇంటి అప్పు తీరడానికి 20 ఏళ్లు పడుతుంది, దాని మీద వడ్డీ మాత్రం ఈ ఏడాది లాభంలోనే కలుస్తుంది. ఆ అప్పు మంచిదో కాదో తేలేలోపు మూడు నాలుగేళ్ల లాభాలు ప్రకటించేసి ఉంటారు. అందుకే నేను లాభాన్ని ఐదో అడుగులో పెట్టాను. అప్పు ఎవరికిచ్చారు, ఎక్కడి నుంచి తెచ్చి ఇచ్చారు, ఎంత తిరిగొస్తోంది అనేవి అంతకంటే ముందు చూడాలి.

మొదటి అడుగు: సంస్థ ఏ రకమో తేల్చుకోండి, కాగితాలు దగ్గర పెట్టుకోండి

బ్యాంకు, ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఆర్థిక సంస్థ), గృహరుణ సంస్థ, బంగారం తాకట్టు సంస్థ, పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థ ఇవన్నీ అప్పులిచ్చేవే. ఈ వ్యాసం వీటి గురించే. బీమా కంపెనీ, మ్యూచువల్ ఫండ్ నిర్వహణ కంపెనీ, బ్రోకరేజీ కంపెనీ వేరే జాతి. బీమాకు సాల్వెన్సీ నిష్పత్తి (క్లెయిములు తీర్చే స్థోమత), కొత్త పాలసీల మీద మిగిలే మార్జిన్ ముఖ్యం. ఫండ్ కంపెనీలకు, బ్రోకర్లకు మార్కెట్ ఊపే ఆదాయం. వాటిని బ్యాంకు కొలతలతో కొలవకండి. సహకార బ్యాంకులో సభ్యత్వ షేరు కూడా స్టాక్ మార్కెట్ షేరు కాదు, దాన్ని ఇష్టమొచ్చిన రోజు అమ్ముకోలేరు.

కావాల్సిన కాగితాలన్నీ బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలోనూ, కంపెనీ సైటులోనూ ఉచితంగా దొరుకుతాయి. ఐదేళ్ల వార్షిక నివేదికలు, చివరి నాలుగు త్రైమాసికాల ఇన్వెస్టర్ ప్రజెంటేషన్లు, విశ్లేషకులతో జరిగిన కాన్ఫరెన్స్ కాల్ రాతప్రతులు తీసుకోండి. అదే రకం వ్యాపారం చేసే మరో రెండు సంస్థలవి కూడా ఉండాలి, పోలిక లేకుండా ఏ నిష్పత్తీ ఏమీ చెప్పదు. టైం తక్కువగా ఉంటే కాన్ఫరెన్స్ కాల్‌లోని ప్రశ్నోత్తరాలు ముందు చదవండి. ఒకే ప్రశ్నను ముగ్గురు విశ్లేషకులు తిప్పితిప్పి అడుగుతున్నారంటే అక్కడ విషయం ఉన్నట్టే.

రెండో అడుగు: అప్పు ఎవరికిచ్చారు?

ప్రజెంటేషన్‌లో రుణాల విభజన ఉంటుంది: గృహ, వాహన, బంగారం, వ్యక్తిగత, చిన్న వ్యాపారాలు, వ్యవసాయం, పెద్ద కార్పొరేట్లు. తనఖా ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని అన్నది ముందు చూడండి. తనఖా లేని వ్యక్తిగత రుణాలు, క్రెడిట్ కార్డులు వేగంగా పెరుగుతుంటే వడ్డీ ఎక్కువ వస్తుంది, ఎగవేతలు కూడా అంతే వేగంగా రావచ్చు.

తర్వాత ప్రాంతం. విశాఖలో ఉంటూ ఇది అర్థం చేసుకోవడం తేలిక. గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఇళ్ల లోన్లన్నీ ఒకే పరిశ్రమ జీతాల మీద ఆధారపడితే, ఆ జీతం ఆలస్యమైన నెల ఈఎంఐలన్నీ ఒకేసారి ఆగుతాయి. 2025 ఆగస్టులో భారత సరుకుల మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ రొయ్యల ఎగుమతిదారుడితో ఆగలేదు. రొయ్యల ధర, చెరువు లీజు, మేత బాకీ, చివరికి ఆ రైతుకు అప్పిచ్చిన బ్యాంకు శాఖ, ఇలా గొలుసంతా కదులుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరంలో ఎన్ని వ్యాపారాలు ఒక్క రోజులో మూతబడ్డాయో చూసినవాళ్లకు, అప్పులన్నీ ఒకే చోట పోగుపడితే ఏమవుతుందో విడమరిచి చెప్పనక్కర్లేదు.

దీనికి అందరూ గుర్తుంచుకోవాల్సిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో షేరు ₹985 చొప్పున ఐపీఓకు (తొలిసారి ప్రజలకు షేర్లు అమ్మడానికి) వచ్చింది. రెండు నెలలకే, అక్టోబరులో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్లను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. రాష్ట్రంలో వసూళ్లు కుప్పకూలాయి. ఆ సంస్థ రుణాల్లో పెద్ద వాటా ఈ రాష్ట్రంలోనే ఉండటంతో షేరు తర్వాత ₹100 దిగువకు పడిపోయింది. ఐపీఓ నాటి లాభాల పట్టికలో ఈ ప్రమాదం కనిపించదు. రుణాలు ఏ రాష్ట్రంలో ఎంతున్నాయో చెప్పే పట్టికలో కనిపిస్తుంది.

బ్యాంకుల వార్షిక నివేదికల్లో అతిపెద్ద 20 మంది రుణగ్రహీతల వాటా ఎంతో కూడా ఇస్తారు. అది ఏటేటా పెరుగుతోందంటే కారణం తెలుసుకోకుండా ముందుకు వెళ్లొద్దు.

మూడో అడుగు: డబ్బు ఎక్కడి నుంచి తెస్తున్నారు?

బ్యాంకుకు చవకగా దొరికే డబ్బు కరెంట్, సేవింగ్స్ ఖాతాల్లోది. మొత్తం డిపాజిట్లలో వీటి వాటాను కాసా నిష్పత్తి అంటారు. ఇది ఎక్కువగా, నిలకడగా ఉంటే మంచిది. తోటి బ్యాంకులకంటే ఎక్కువ వడ్డీ ఎర చూపి ఫిక్సెడ్ డిపాజిట్లు లాగుతున్న బ్యాంకు మీకు ఎఫ్‌డీకి బాగుందనిపించవచ్చు. వాటాదారుగా మాత్రం అది ఎందుకంత ఆత్రపడుతోందో ఆలోచించాలి. డిపాజిట్లలో మొదటి 20 మంది వాటా కూడా నివేదికలో ఉంటుంది. సామాన్య జనం దాచుకున్న డబ్బు మెల్లగా కదులుతుంది, బడా డిపాజిటర్ల డబ్బు ఒక్క వార్తతో వెళ్లిపోతుంది.

ఎన్‌బీఎఫ్‌సీలకు సేవింగ్స్ ఖాతాలు ఉండవు. బ్యాంకుల దగ్గర, బాండ్ల మార్కెట్లో అప్పు తెచ్చి అప్పిస్తాయి. కాబట్టి అవి తీర్చాల్సిన గడువులు, వాటికి రావాల్సిన గడువులు పక్కపక్కన పెట్టి చూడాలి. నివేదికలో కాలవ్యవధుల వారీగా ఈ పట్టిక ఉంటుంది. వచ్చే ఏడాదిలో తీర్చాల్సింది, వచ్చే ఏడాదిలో వసూలయ్యేదానికంటే బాగా ఎక్కువుంటే ఆ సంస్థ ఎప్పటికప్పుడు కొత్త అప్పు దొరుకుతుందన్న ఆశ మీద బతుకుతోందన్నమాట.

2018 సెప్టెంబరులో మౌలిక వసతులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ చెల్లింపులు ఆపేసినప్పుడు మార్కెట్ మొత్తం ఎన్‌బీఎఫ్‌సీలను అనుమానంగా చూసింది, కొత్త అప్పు పుట్టడం కష్టమైంది. ఆ ఒత్తిడిలో చితికిపోయిన వాటిలో గృహరుణ సంస్థ డీహెచ్‌ఎఫ్ఎల్ ఒకటి. 2019 జూన్‌లో చెల్లింపులు తప్పింది, నవంబరులో రిజర్వు బ్యాంకు బోర్డును రద్దు చేసింది, 2021లో పిరమల్ గ్రూపు చేతికి వెళ్లింది. పాత వాటాదారులకు పైసా రాలేదు. "బాగా పడిపోయింది, ఇంకెంత పడుతుందిలే" అని మధ్యలో కొన్నవాళ్ల డబ్బు కూడా సున్నా అయింది.

నాలుగో అడుగు: ఇచ్చింది తిరిగొస్తోందా?

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. వాయిదా 90 రోజులు దాటి బాకీ పడితే ఆ అప్పు ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. మొత్తం రుణాల్లో ఇలాంటివి ఎంత శాతమో స్థూల ఎన్‌పీఏ చెబుతుంది. వాటి కోసం లాభంలోంచి ఇప్పటికే పక్కన పెట్టిన కేటాయింపులు తీసేస్తే మిగిలేది నికర ఎన్‌పీఏ. టీవీలోనూ పేపర్లోనూ వచ్చేవి ఈ రెండే. ఈ రెండూ తగ్గుతున్నా లోపల పరిస్థితి చెడిపోతూ ఉండొచ్చు. ఒక ఊహాజనిత బ్యాంకు లెక్కతో చూద్దాం.

గత ఏడాది రుణాలు ₹10,000 కోట్లు, స్థూల ఎన్‌పీఏ ₹400 కోట్లు, అంటే 4 శాతం. ఈ ఏడాది కొత్తగా ₹350 కోట్లు మొండి బాకీలుగా మారాయి. ₹110 కోట్లు వసూలయ్యాయి. ₹250 కోట్లను ఖాతా పుస్తకాల్లోంచి రద్దు చేశారు. మిగిలింది ₹390 కోట్లు. ఈలోగా రుణాలు ₹13,000 కోట్లకు పెరిగాయి. ఇప్పుడు స్థూల ఎన్‌పీఏ 3 శాతం. పేపర్లో "మెరుగుపడిన ఆస్తుల నాణ్యత" అని వస్తుంది. నిజానికి ఏడాది మొదట్లో ఉన్న ప్రతి 100 రూపాయల అప్పులో మూడున్నర రూపాయలు కొత్తగా చెడిపోయాయి. తగ్గుదలంతా రద్దు వల్ల, రుణాలు ఉబ్బడం వల్ల వచ్చింది. నిన్న ఇచ్చిన అప్పు 90 రోజులు బాకీ పడాలన్నా టైం పడుతుంది కదా!

కాబట్టి మీరు వెతకాల్సిన అంకె తాజా పారుబాకీలు, అంటే ఆ కాలంలో కొత్తగా ఎన్‌పీఏగా మారినవి. ఇన్వెస్టర్ ప్రజెంటేషన్లలో దీన్ని స్లిపేజ్ అంటారు. ప్రారంభ ఎన్‌పీఏ, కలిసినవి, వసూలైనవి, రద్దయినవి, చివరి ఎన్‌పీఏ అని ఐదు వరుసల పట్టిక ఉంటుంది. ఎనిమిది త్రైమాసికాలవి ఒక కాగితం మీద రాసుకోండి. అంత ఓపిక లేకపోతే, నా అభిప్రాయంలో, బ్యాంకు షేరు నేరుగా కొనకుండా, మార్కెట్ సూచీలోని షేర్లన్నీ కొనే ఇండెక్స్ ఫండ్ తీసుకోవడమే మేలు.

ఇంకా ఎన్‌పీఏ కాని, కానీ ఆ దారిలో ఉన్న అప్పులున్నాయి. వీటిని ఎస్ఎంఏ (ప్రత్యేకంగా గమనించాల్సిన ఖాతాలు) అంటారు. 30 రోజుల వరకు ఆలస్యమైతే ఎస్ఎంఏ-0, 31 నుంచి 60 రోజులైతే ఎస్ఎంఏ-1, 61 నుంచి 90 రోజులైతే ఎస్ఎంఏ-2. చాలా బ్యాంకులు చివరి రెండూ కలిపి చెబుతాయి. గడువులు సడలించి పునర్‌వ్యవస్థీకరించిన రుణాలు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. తుపాను వంటి విపత్తులో ఇలా చేయడం న్యాయమే, రిజర్వు బ్యాంకు నిబంధనలు అందుకు వీలు కల్పిస్తాయి. ఏ విపత్తూ లేకుండా ఈ అంకె పెరిగితే అనుమానించాలి. కేటాయింపుల నిష్పత్తి, అంటే ఎన్‌పీఏల్లో ఇప్పటికే కేటాయింపులు చేసిన భాగం, 70 శాతం పైన ఉంటే కొంత నిశ్చింత.

చివరిగా వార్షిక నివేదిక నోట్స్‌లో "డైవర్జెన్స్" అనే మాట కోసం వెతకండి. బ్యాంకు చెప్పిన ఎన్‌పీఏకీ, రిజర్వు బ్యాంకు తనిఖీలో తేలినదానికీ తేడా పెద్దదైతే బయట పెట్టాలి. యెస్ బ్యాంకు 2015-16కు ₹749 కోట్ల స్థూల ఎన్‌పీఏ చూపిస్తే రిజర్వు బ్యాంకు లెక్కలో అది ₹4,926 కోట్లని తేలింది. మరుసటి ఏడాదీ అదే తంతు, తేడా ₹6,355 కోట్లు. ఈ రెండూ 2017లోనే బయటికొచ్చాయి. షేరు మాత్రం పెరుగుతూనే పోయి 2018 ఆగస్టులో ₹400 దాటింది. అంటే నోట్స్ చదివిన సామాన్య మదుపరికి బయటపడటానికి బోలెడు టైం దొరికింది. 2020 మార్చి 5న మారటోరియం (డబ్బు తీసుకోవడం మీద ఆంక్ష) వచ్చింది, మర్నాడు ఒక దశలో షేరు ₹5.55కు పడింది. 100 లేదా అంతకంటే ఎక్కువ షేర్లు ఉన్నవాళ్లకు 75 శాతం షేర్లు మూడేళ్ల పాటు అమ్ముకోవడానికి వీల్లేకుండా లాక్ అయ్యాయి.

ఐదో అడుగు: ఇప్పుడు లాభం

వచ్చిన వడ్డీలోంచి కట్టిన వడ్డీ తీసేస్తే నికర వడ్డీ ఆదాయం. దాన్ని వడ్డీ తెచ్చే ఆస్తులతో భాగిస్తే నికర వడ్డీ మార్జిన్. బ్యాంకులకు 3 నుంచి 4 శాతం మామూలు. మైక్రోఫైనాన్స్‌కు ఇంకా చాలా ఎక్కువ, కానీ అక్కడ మునిగేవీ ఎక్కువే. కాబట్టి మార్జిన్ ఒక్కటే చూసి మురిసిపోకుండా అందులోంచి ఖర్చులు, కేటాయింపులు పోగా మిగిలేది చూడాలి. ఆ మిగిలినది మొత్తం ఆస్తుల్లో ఎంత శాతమో చెప్పేది ఆర్‌ఓఏ. బ్యాంకుకు 1 శాతం ఫర్వాలేదు, 1.5 దాటితే బాగా నడుస్తున్నట్టు. ఒక్క ఏడాది అంకె మీద ఆధారపడకండి. బాండ్ల అమ్మకం మీద లాభం, పాత రద్దు ఖాతాల వసూళ్లు, వెనక్కి తీసుకున్న కేటాయింపులు ఒక ఏడాదిని గొప్పగా చూపగలవు. కనీసం ఒక చెడ్డ ఏడాది కలిసేలా ఐదారేళ్ల సగటు తీయండి.

ఆరో అడుగు: మూలధనం సరిపోతుందా?

రిస్కు ఉన్న ఆస్తులతో పోలిస్తే సొంత మూలధనం ఎంతో చెప్పేది మూలధన నిష్పత్తి. ఇది బ్యాంకులకు అదనపు రక్షణ నిధితో కలిపి 11.5 శాతం, చాలా ఎన్‌బీఎఫ్‌సీలకు 15 శాతం ఉండాలి. అంచుల్లో ఉన్న సంస్థ కొత్త షేర్లు జారీ చేయక తప్పదు. పుస్తక విలువకంటే (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేదానికంటే) తక్కువ ధరకు జారీ చేస్తే మీ వాటా విలువ పలచబడుతుంది.

"ప్రభుత్వ బ్యాంకు కదా" అనేవాళ్లు ఆంధ్రా బ్యాంకును గుర్తు చేసుకోవాలి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో మొదలుపెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. డిపాజిటర్ల డబ్బుకు ఢోకా రాలేదు. వాటాదారులకు ప్రతి 1,000 షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు వచ్చాయి. ప్రైవేటులో ఇంకా కఠినం. హైదరాబాద్ కేంద్రంగా వెలిగిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు 2004లో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో, లక్ష్మీ విలాస్ బ్యాంకు 2020 నవంబరులో సింగపూర్ బ్యాంకు డీబీఎస్ భారత విభాగంలో కలిశాయి. రెండింట్లోనూ వాటాదారులకు ఏమీ మిగల్లేదు. డిపాజిట్‌కు ₹5 లక్షల వరకు బీమా ఉంది. షేరుకు ఏ బీమా లేదు. ఒకే బ్యాంకులో మీకు ఎఫ్‌డీ, షేరు రెండూ ఉన్నా వాటి భద్రత ఒకటి కాదని ఇంట్లో వాళ్లకు కూడా చెప్పండి.

ఏడో అడుగు: ధర

బ్యాంకులకు పీఈ కంటే పీబీ మెరుగైన కొలత. షేరు ధరను ఒక్కో షేరు పుస్తక విలువతో భాగిస్తే పీబీ వస్తుంది. ముందు పుస్తక విలువను సరిచేయండి. పుస్తక విలువ ₹200, షేరుకు నికర ఎన్‌పీఏ ₹40 అయితే నమ్మదగినది ₹160. ధర ₹180 ఉంటే పీబీ 0.9 అని కనిపిస్తుంది, అసలు లెక్క 1.1 పైన.

పీబీ ఒకటికంటే తక్కువుంటే చవక అనుకోవడం మామూలు పొరపాటు. వాటాదారుల సొమ్ము మీద వచ్చే రాబడి, అంటే ఆర్‌ఓఈ, దానితో కలిపి చూడాలి. ఒక సులువైన సూత్రం: ఆర్‌ఓఈలోంచి దీర్ఘకాల వృద్ధి రేటు తీసేయండి, మీరు ఆశించే రాబడిలోంచి అదే వృద్ధి తీసేయండి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. మీరు 13 శాతం ఆశిస్తున్నారనుకుందాం. ఆర్‌ఓఈ 15, వృద్ధి 8 ఉన్న బ్యాంకుకు 7ను 5తో భాగిస్తే 1.4 పీబీ న్యాయం. ఆర్‌ఓఈ 9, వృద్ధి 5 ఉన్న బ్యాంకుకు 4ను 8తో భాగిస్తే 0.5 మాత్రమే. కాబట్టి 0.7 దగ్గర దొరికే రెండో బ్యాంకు ఖరీదైనది, 1.2 దగ్గర దొరికే మొదటిది చవక. సూత్రంలో వేసే అంకెలు మీ అంచనాలే కాబట్టి ఒక శాతం అటూఇటూ మార్చి కూడా చూడండి. ఫలితం ఎంత ఊగుతుందో తెలిస్తే ఎంత తక్కువకు కొనాలో తెలుస్తుంది.

ఎనిమిదో అడుగు: నడిపే మనుషులు

బ్యాంకు అధిపతి నియామకానికి, కొనసాగింపుకు రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. అడిగినంత కాలం ఇవ్వకుండా గడువు కుదిస్తే అది పెద్ద హెచ్చరిక. యెస్ బ్యాంకు విషయంలో 2018 సెప్టెంబరులో అదే జరిగింది. ఆడిటర్ మధ్యలో తప్పుకోవడం, ఫైనాన్స్ అధిపతి అకస్మాత్తుగా రాజీనామా చేయడం, ప్రమోటర్ షేర్లు తాకట్టులో ఉండటం కూడా చూడాలి. 2025 మార్చిలో ఇండస్‌ఇండ్ బ్యాంకు తన డెరివేటివ్‌ల (కరెన్సీ, వడ్డీ మార్పుల మీద చేసే ఒప్పందాల) లెక్కల్లో తేడాలున్నాయని ప్రకటించగానే షేరు ఒక్క రోజులో సుమారు 27 శాతం పడింది. 2024 మార్చిలో ఐఐఎఫ్ఎల్ ఫైనాన్స్ కొత్త బంగారు రుణాలు ఇవ్వకుండా రిజర్వు బ్యాంకు ఆపింది, ఆ ఆంక్ష సెప్టెంబరులో గానీ తొలగలేదు. ఇలాంటివి బయటి నుంచి ముందే పసిగట్టడం అన్నిసార్లూ సాధ్యం కాదు. అందుకే ఎంత కొంటున్నామన్నది ముఖ్యం.

తొమ్మిదో అడుగు: కొనడం, ఆ తర్వాత

ఒక్క ఆర్థిక సంస్థలో మీ షేర్ల డబ్బులో 5 నుంచి 8 శాతం మించకపోవడం మంచిదని నా సలహా. అప్పటికే బ్యాంకు ఉద్యోగి అయినవాళ్లు అదే బ్యాంకు షేర్లు కూడబెట్టొద్దు, జీతం, పొదుపు ఒకేసారి దెబ్బతింటాయి. రిటైర్మెంట్ డబ్బులో పిల్ల పెళ్లికో, వైద్యానికో అయిదేళ్లలోపు కావాల్సింది అసలు ఇటు తేవొద్దు. మొత్తం ఒకేసారి పెట్టకుండా మూడు నాలుగు త్రైమాసికాలకు పంచి, ప్రతి ఫలితం చదివాక తర్వాతి విడత కొనండి. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో "టార్గెట్" చెప్పేవాళ్లకు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ సైటులో చూసుకోవచ్చు.

ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను. ఏడాది దాటితే ₹1.25 లక్షలు మించిన లాభం మీద 12.5 శాతం. 2024 జులై 23 నుంచి ఇవే రేట్లు. డివిడెండ్ మీ ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది.

త్రైమాసిక ఫలితాలు ఆ త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోపు, వార్షిక ఫలితాలు ఏడాది ముగిసిన 60 రోజుల్లోపు రావాలి. వచ్చిన రోజు ఒక నోటుబుక్కులో ఆరు అంకెలు రాయండి: తాజా పారుబాకీలు, ఎస్ఎంఏ, కేటాయింపుల నిష్పత్తి, కాసా లేదా అప్పు తెచ్చుకునే ఖర్చు, ఆర్‌ఓఏ, మూలధన నిష్పత్తి. ధర పడిందని అమ్మకండి. పారుబాకీలు వరుసగా రెండు త్రైమాసికాలు పెరిగి, కాన్ఫరెన్స్ కాల్‌లో దానికి సూటి జవాబు రాకపోతే సగం అమ్మండి. డైవర్జెన్స్ బయటపడినా, ఆడిటర్ కారణం చెప్పకుండా తప్పుకున్నా మొత్తం అమ్మేసి, విషయం తేలాక కావాలంటే మళ్లీ కొనుక్కోవచ్చు.